చీటీ రాసిననాడే తేలవలసిన లెక్క
గర్భకాలంలో ముప్పు తెచ్చే మందులపై స్మారక ఉపన్యాస పాఠం

గర్భిణి మింగిన మందు కడుపులోని బిడ్డకు హాని చేస్తుందా అన్న ప్రశ్నకు ఒక్క మాటలో జవాబు లేదు. ఏ మందు, ఎంత మోతాదు, గర్భం ఎన్నో రోజున, ఎన్నాళ్ళపాటు అన్నవి అన్నీ తెలిస్తేనే జవాబు చెప్పగలిగేది. ఆ మందు ఆపితే తల్లి ఏమవుతుందన్నది కూడా అదే లెక్కలో చేరాలి. ఇంటి పెద్దలు గాని, హడావుడిలో ఉన్న వైద్యులు గాని ఎక్కువగా వదిలేసేది ఈ చివరిదాన్నే.

వీటిలో రోజుల లెక్క అన్నిటికన్నా కఠినమైనది. ఫలదీకరణ జరిగిన మొదటి రెండు వారాల్లో మందు గట్టిగా దెబ్బతీస్తే పిండం నిలవదు. నిలిస్తే సాధారణంగా లోపం లేకుండానే పెరుగుతుంది. మూడో వారం నుంచి ఎనిమిదో వారం చివరిదాకా అవయవాలు రూపుకట్టే దశ. గుండె, చేతులు, కాళ్ళు, చెవులు, పై పెదవి ఏర్పడేది అప్పుడే. మెదడుకూ వెన్నుపాముకూ మూలమైన నాడీనాళం ఫలదీకరణ నుంచి 28వ రోజుకల్లా మూసుకుంటుంది. 28 రోజులకోసారి బహిష్టు అయ్యే స్త్రీకి ఇది చివరి బహిష్టు మొదలైన నాటి నుంచి 42వ రోజు, అంటే నెల తప్పిన రెండు వారాలకు. నెల తప్పిందని గమనించి, నాలుగు రోజులు ఆగి చూసి, పరీక్ష చేసుకుని, ఇంట్లో చెప్పి, ఏఎన్ఎం దగ్గర పేరు రాయించుకునేసరికి ఆ గడువు దాటిపోతుంది. ఎనిమిదో వారం దాటాక ముప్పు తొలగిపోదు, దాని రకం మారుతుంది. మెదడు కాన్పుదాకా, ఆ తరవాతా పెరుగుతూనే ఉంటుంది. మూత్రపిండాలను, ఉమ్మనీటిని దెబ్బతీసే మందులు రెండో మూడు నెలల నుంచే తమ పని చేస్తాయి.

గ్రహణం నాడు గర్భిణిని గదిలో కదలకుండా పడుకోబెట్టే ఆచారం తెలుగునాట ఇంకా పోలేదు. కదిలితే బిడ్డకు మొర్రి వస్తుందన్నది భయం. పై పెదవి భాగాలు కలుసుకోవడం ఫలదీకరణ తరవాత ఏడో వారానికే పూర్తవుతుంది. కడుపు కనబడి పెద్దలు జాగ్రత్తలు మొదలుపెట్టేనాటికి ఆ పని ఎప్పుడో ముగిసి ఉంటుంది. మూర్ఛకూ పార్శ్వపు తలనొప్పికీ ఇచ్చే టోపిరామేట్ మొర్రి ముప్పును నిజంగానే పెంచుతుంది. ఆ మాత్రల గురించి అడిగే పెద్దలు మాత్రం అరుదు.

ముప్పును అంచనా వేసేటప్పుడు మరో అంకెను దగ్గర ఉంచుకోవాలి. ఏ మందూ వాడని గర్భాల్లో కూడా నూటికి సుమారు ముగ్గురు బిడ్డలు ఏదో ఒక పెద్ద అవయవ లోపంతో పుడతారు. ఒక మందు హానికరమని చెప్పాలంటే ఆ మూడింటిని దాటి ఎంత పెరిగిందో చూపాలి. వాడుకలో ఉన్న వేలాది మందుల్లో అలా రుజువైనవి కొన్ని పదులకు మించవు. మిగతావాటిలో చాలావాటి గురించి ఖాయంగా చెప్పడానికి తగిన సమాచారమే లేదు. ఆ లేమికి ఒక చరిత్ర ఉంది.

మావి బిడ్డకు పెట్టని గోడ అన్న నమ్మకం ఇరవయ్యో శతాబ్దం నడిమిదాకా వైద్యుల్లో బలంగానే ఉండేది. 1941లో సిడ్నీ కంటి వైద్యుడు నార్మన్ గ్రెగ్, గర్భకాలంలో రుబెల్లా సోకిన తల్లుల బిడ్డలకు పుట్టుకతోనే శుక్లాలు రావడం గమనించి ఆ గోడకు మొదటి బీట చూపించాడు. మందుల్లో చాలావాటి అణువులు చిన్నవి, మావిని సులువుగా దాటుతాయి. హెపారిన్, ఇన్సులిన్ వంటి పెద్ద అణువులు దాటవు. ఈ ఒక్క తేడాయే ఇప్పటికీ ఎన్నో చికిత్సలను నిర్ణయిస్తోంది.

థాలిడోమైడ్ కథ అందరూ విన్నదే, అందులో రోజుల పాత్ర మాత్రం తక్కువమంది గమనించినది. పశ్చిమ జర్మనీలోని గ్రూనెంతాల్ కంపెనీ 1957 అక్టోబరులో దీన్ని కాంటెర్గాన్ పేరుతో నిద్రమాత్రగా విడుదల చేసింది. అక్కడ చాలాకాలం వైద్యుడి చీటీ లేకుండానే దొరికేది. వేవిళ్ళకూ వాడారు. హాంబుర్గ్ పిల్లల వైద్యుడు విదుకింద్ లెంజ్ తల్లులను ఒక్కొక్కరినీ అడిగి, ఏ రోజున మాత్ర వేసుకున్నారో, బిడ్డకు ఏ లోపం వచ్చిందో జతపరచాడు. చివరి బహిష్టు నుంచి లెక్కిస్తే సుమారు 34వ రోజుకూ 50వ రోజుకూ మధ్యే ప్రమాదమంతా. ఆ గడువు మొదట్లో వేసుకుంటే చెవులు ఏర్పడలేదు, కొద్ది రోజులు గడిచాక వేసుకుంటే చేతులు, ఇంకొంచెం తరవాత అయితే కాళ్ళు. గడువు దాటాక నెలల తరబడి వాడినవారికి కూడా అవయవాలు సరిగానే ఉన్న బిడ్డలు పుట్టారు. గడువులో ఒక్క మాత్రకే లోపం వచ్చిన సందర్భాలు నమోదయ్యాయి. 1961 నవంబరు చివర జర్మనీలో, డిసెంబరు మొదట్లో బ్రిటన్‌లో మందు వెనక్కి తీసుకున్నారు. సిడ్నీ ప్రసూతి వైద్యుడు విలియం మెక్‌బ్రైడ్ ఇదే అనుమానంతో రాసిన లేఖ అదే డిసెంబరులో లాన్సెట్‌లో వచ్చింది. అప్పటికే పదివేలకు పైగా బిడ్డలు దెబ్బతిన్నారు.

అమెరికా ఈ ఆపద నుంచి చాలావరకు తప్పించుకోవడం వెనక ఫ్రాన్సెస్ కెల్సీ ఉంది. 1960లో ఆహార, ఔషధ సంస్థలో చేరిన కొద్దివారాలకే ఈ మందు దరఖాస్తు ఆమె బల్ల మీదికి వచ్చింది. 1940లలో ఆమె షికాగోలో క్వినైన్ మీద పనిచేసి, పెద్ద కుందేలు విరగ్గొట్టగలిగిన మందును కడుపులోని పిండం విరగ్గొట్టలేదని చూసింది. ఆ అనుభవం ఉన్న మనిషికి, థాలిడోమైడ్ వాడినవారిలో నరాల తిమ్మిరి గురించిన వార్తలు చాలు, ఇంకా సమాచారం కావాలని దరఖాస్తును పదేపదే వెనక్కి పంపడానికి. ఎలుకలకు ఈ మందు దాదాపు ఏమీ చేయదన్నది ఆ రోజుల్లో కంపెనీలకు ధైర్యమిచ్చింది. కారణం 2010 తరవాతే తెలిసింది: థాలిడోమైడ్ పట్టుకునే సెరెబ్లాన్ అనే ప్రొటీన్ ఎలుకలో కొద్దిగా వేరు. జంతువుల్లో క్షేమంగా తేలిన మందు మనిషి బిడ్డకు క్షేమమని అనుకోరాదన్న నియమాన్ని ఈ అనుభవం బలపరిచింది.

ఈ మందు అంతటితో మాయం కాలేదు. కుష్ఠు రోగుల్లో వచ్చే ఒక తీవ్రమైన ప్రతిచర్యకు బాగా పనిచేస్తుందని 1960లలో జెరూసలేంలో తేలింది; మజ్జ కేన్సర్‌కు ఇప్పుడు భారత్‌లోనూ ఇస్తున్నారు. కుష్ఠు ఎక్కువగా ఉన్న బ్రెజిల్‌లో థాలిడోమైడ్ బిడ్డలు ఆ తరవాత కూడా పుట్టారు. అక్కడ మాత్రల పొట్లం మీద గర్భిణి బొమ్మ గీసి దానిమీద అడ్డగీత కొట్టారు. దాన్ని చూసి కొందరు స్త్రీలు ఇది గర్భం రాకుండా చేసే మాత్ర అనుకున్నారు. హెచ్చరిక అచ్చు వేయడంతో బాధ్యత తీరిందనుకునే అధికారులకు ఈ ఒక్క సంగతి చాలు.

థాలిడోమైడ్ తెచ్చిన భయం మరో దారిలో నష్టం చేసింది. అమెరికాలో 1977 నుంచి గర్భం రాగల వయసు స్త్రీలను తొలిదశ మందు పరీక్షలకు దూరంగా ఉంచారు. ఆ నిబంధన 1993దాకా సడలలేదు. గర్భిణులైతే ఇప్పటికీ చాలా పరీక్షల బయటే. ఫలితంగా మందు మార్కెట్‌కు వచ్చేనాటికి గర్భం గురించి తెలిసింది దాదాపు శూన్యం. తరవాత తెలిసేదంతా దాన్ని తెలియక వాడిన తల్లుల ద్వారానే.

అలా తెలుసుకోవడానికి ఎంతకాలం పట్టిందో చూపే మందు సోడియం వాల్‌ప్రోయేట్. 1882లో తయారైన దీని ఆమ్ల రూపాన్ని ఎనభై ఏళ్ళపాటు ఇతర పదార్థాలను కరిగించే ద్రవంగానే వాడారు. 1960ల మొదట్లో ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌లో కొన్ని కొత్త మందులను ఇందులో కరిగించి పరీక్షిస్తే, అన్నీ మూర్ఛను ఆపుతున్నట్లు కనబడింది. ఆపుతున్నది కరిగించిన ద్రవమేనని తరవాత తెలిసింది. 1967లో ఫ్రాన్స్‌లో అమ్మకానికి వచ్చింది. రకరకాల మూర్ఛలకు ఒకే మందు, చవక, ప్రభుత్వ ఆసుపత్రిలో కూడా దొరుకుతుంది. బైపోలార్ వ్యాధికీ, పార్శ్వపు నొప్పి రాకుండా ఉండడానికీ రాస్తారు. 1982లో లియోన్‌కు చెందిన ఎలిజబెత్ రోబేర్, ఈ మందు వాడిన తల్లుల బిడ్డల్లో వెన్నెముక మూసుకోని లోపం అసాధారణంగా కనబడుతోందని బయటపెట్టింది. మామూలుగా వెయ్యి కాన్పుల్లో ఒకటి రెండు ఉండే నాడీనాళ లోపం వాల్‌ప్రోయేట్‌తో నూటికి ఒకటి రెండుగా తేలింది.

మోతాదు పాత్ర ఇక్కడ బాగా కనబడుతుంది. అనేక దేశాల మూర్ఛ గర్భిణులను నమోదుచేసే యూరాప్ పట్టిక 2018లో ఇచ్చిన లెక్కల్లో, రోజుకు 650 మిల్లీగ్రాములకు మించని వాల్‌ప్రోయేట్‌తో పెద్ద లోపాలు నూటికి 6 దాకా ఉంటే, 1,450 దాటితే 25 దాకా ఉన్నాయి. మూర్ఛకే ఇచ్చే లామోట్రిజిన్, లెవెటిరాసెటమ్ వాడినవారిలో అవి 3 లోపే, అంటే మందు వాడని తల్లులకు దాదాపు సమానం. అల్ట్రాసౌండ్‌కు కనబడే లోపాలివి. కనబడనివి ఇంకా ఆలస్యంగా బయటపడ్డాయి. అమెరికా, బ్రిటన్ పరిశోధకులు కలిసి పిల్లలను ఆరేళ్ళ వయసుదాకా వెంబడించి 2013లో ప్రచురించిన ఫలితాల్లో, వాల్‌ప్రోయేట్ తల్లుల బిడ్డల తెలివితేటల సూచిక సగటున 97. లామోట్రిజిన్ వాడినవారి బిడ్డలకు 108. అదే ఏడాది డెన్మార్క్ జనాభా నమోదు పట్టికల లెక్కలు ఆటిజం ముప్పు నూటికి ఒకటిన్నర నుంచి నాలుగున్నరకు చేరినట్లు చూపాయి. మాటలు, చదువు, నడవడి ఆలస్యమవడం నూటికి 30 నుంచి 40 మంది పిల్లల్లో ఉండవచ్చని ఐరోపా ఔషధ సంస్థ అంచనా. ఫోలిక్ యాసిడ్ వేసుకుంటే ఇదంతా తప్పుతుందన్న నమ్మకానికి ఆధారం లేదు. 1991 నాటి బ్రిటిష్ పరీక్షలో ఫోలిక్ యాసిడ్ నాడీనాళ లోపం మళ్ళీ రాకుండా చాలావరకు ఆపిన మాట నిజమే, కానీ వాల్‌ప్రోయేట్ వల్ల వచ్చే ముప్పును అది తీసేస్తుందని తేలలేదు. గర్భం కోరుకునేవారు దాన్ని ముందునుంచే వేసుకోవాలన్న సలహా మాత్రం అలాగే ఉంటుంది.

ఐరోపాలో 2018 నుంచి, గర్భం రాగల వయసు స్త్రీకి ఈ మందు రాయాలంటే నమ్మకమైన గర్భనిరోధం ఉండాలి, ఏడాదికోసారి నిపుణుడు చూడాలి, ముప్పు తెలిసిందని సంతకం తీసుకోవాలి. అంటే మొదటి హెచ్చరికకూ ఈ కట్టడికీ మధ్య 36 ఏళ్ళు. ఈ మందుతో పాటు మరి రెండు వైద్య ఉత్పత్తులపై బ్రిటన్‌లో జూలియా కంబర్లెజ్ అధ్యక్షతన జరిగిన విచారణ 2020లో తేల్చిన విషయం సూటిగా ఉంది: ముప్పు వైద్య పత్రికల్లో ఉంది, తల్లుల చెవిన పడలేదు.

తెలుగు కుటుంబంలో ఇది ఎలా జరుగుతుందో ఊహించడం కష్టం కాదు. పద్నాలుగేళ్ళ పిల్లకు పొద్దున లేవగానే చేతులు అదురుతాయి, పళ్ళు తోముతుంటే బ్రష్ ఎగిరిపడుతుంది. కొన్నాళ్ళకు పెద్ద ఫిట్స్ వస్తుంది. కౌమారంలో వచ్చే ఈ రకం మూర్ఛకు వాల్‌ప్రోయేట్ అద్భుతంగా పనిచేస్తుంది. పూటకో 500 మిల్లీగ్రాముల మాత్ర రాస్తారు, ఫిట్స్ ఆగుతాయి. ఆగినదాన్ని కదపడానికి ఇంట్లోవాళ్ళకూ వైద్యుడికీ మనసొప్పదు. అదే చీటీ చూపించి మందుల షాపులో ఆరేళ్ళు మాత్రలు కొంటారు. తరవాత పెళ్ళి సంబంధం. తరచూ వచ్చే మూర్ఛను హిందూ వివాహ చట్టం 1999దాకా పెళ్ళికి అనర్హతల్లో ఒకటిగా ఉంచింది. సవరణతో చట్టం మారింది, పెళ్ళిచూపుల్లో దాచడం మారలేదు. అత్తవారింట మాత్రలు బీరువాలో చీరల మడతల్లోకి పోతాయి. నెల తప్పాక జరిగేది రెండింటిలో ఒకటి: భయపడి మాత్రలు ఒక్కసారిగా మానేయడం, లేదా ఎవరికీ చెప్పకుండా అలాగే వేసుకోవడం. రెండోదాని ఫలితం పైన చెప్పిందే. మొదటిది తల్లి ప్రాణానికే ముప్పు. ఉన్నట్టుండి మందు ఆపితే ఆగకుండా ఫిట్స్ రావచ్చు, నిద్రలోనే ప్రాణం పోవచ్చు. బ్రిటన్ మాతృమరణాల విచారణల్లో మూర్ఛ పేరు మళ్ళీ మళ్ళీ వస్తోంది. నెల తప్పాక మందు మార్చే ప్రయత్నం కూడా అంత తేలిక కాదు. కొత్త మందు మోతాదు పెంచడానికే వారాలు పడుతుంది, నాడీనాళం అన్నాళ్ళు ఆగదు. ఈ విషయంలో నిర్ణయం తీసుకోవలసిన రోజు గర్భం తెలిసిన రోజు కాదు, పద్నాలుగేళ్ళ పిల్లకు చీటీ రాసిన రోజు. ఆ తరవాత ఏటా చీటీ తిరగరాసే ప్రతి రోజూ. కొందరికి వాల్‌ప్రోయేట్ తప్ప మరొకటి పనిచేయదు. వారికి సాధ్యమైనంత తక్కువ మోతాదు, తెలిసి ఒప్పుకున్న ముప్పు. అదీ ముందుగా తేలవలసినదే.

వేరే దారి అంత సులువుగా దొరకని చోటు గుండె కవాటాలది. చిన్నప్పటి రుమాటిక్ జ్వరంతో కవాటం పాడై, లోహపు కవాటం వేయించుకున్న యువతులు భారత్‌లో ఎక్కువ. రక్తం గడ్డకట్టకుండా వారు జీవితాంతం వార్ఫరిన్ గాని, మన దగ్గర ఎక్కువగా రాసే అసెనోకుమరాల్ గాని వేసుకోవాలి. రెండూ మావిని దాటుతాయి. ఆరో వారం నుంచి పన్నెండో వారందాకా వాడితే బిడ్డ ముక్కు దూలం అణిగిపోవడం, ఎముకల చివర్లు చుక్కలు చుక్కలుగా ఏర్పడడం జరుగుతుంది. మావిని దాటని హెపారిన్ సూదులు బిడ్డకు క్షేమం, కానీ వాటితో కవాటం మీద రక్తం గడ్డకట్టి తల్లి చనిపోయే అవకాశం ఎక్కువ. వార్ఫరిన్ రోజుకు 5 మిల్లీగ్రాములు మించకుండా సరిపోయేవారిలో బిడ్డకు ముప్పు తక్కువ కాబట్టి కొందరికి దాన్నే కొనసాగిస్తారు. మిగతావారికి తొలి మూడు నెలలు హెపారిన్, ఆపై వార్ఫరిన్, కాన్పు ముందు మళ్ళీ హెపారిన్. ఇక్కడ మంచి దారి, చెడ్డ దారి అని లేవు. రెండు ముప్పుల మధ్య తల్లి తెలిసి ఎంచుకోవడమే ఉంది. మరో మాట: యువతికి కవాటం వేసేటప్పుడే లోహానిదా, జంతు కణజాలానిదా అన్న చర్చలో పిల్లల ప్రస్తావన రావాలి.

మిగతావి త్వరగా చెప్పుకోవచ్చు. రక్తపోటుకు విరివిగా రాసే ఎనలాప్రిల్, రామిప్రిల్, టెల్మిసార్టాన్ రెండో మూడు నెలల నుంచి బిడ్డ మూత్రపిండాలను దెబ్బతీసి ఉమ్మనీరు ఎండిపోయేలా చేస్తాయి. లాబెటలాల్, నిఫెడిపిన్, మిథైల్‌డోపా ఉండగా గర్భంలో వాటి అవసరమే లేదు. ఇబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ వంటి నొప్పి మాత్రలు 20 వారాల తరవాత అదే రకం హాని చేయగలవు, కాబట్టి వైద్యుడు ప్రత్యేకంగా చెబితే తప్ప వద్దు. మొటిమలకు రాసే ఐసోట్రెటినాయిన్ చెవులు, గుండె, మెదడు మూడింటినీ పాడుచేస్తుంది. ఆపాక గర్భానికి నెల రోజులు ఆగితే చాలు. దాని దాయాది, సోరియాసిస్‌కు ఇచ్చే అసిట్రెటిన్ ఆపాక మూడేళ్ళు ఆగాలి. పెళ్ళికి మూడు నెలల ముందు మొహం బాగుండాలని చర్మ వైద్యుడి దగ్గరికి వెళ్ళే అమ్మాయికి ఐసోట్రెటినాయిన్ రాస్తే, అడగవలసిన మొదటి ప్రశ్న పెళ్ళి తేదీయే.

అతిభయం చేసిన నష్టానికీ రుజువులున్నాయి. వేవిళ్ళకు డాక్సిలమిన్, పైరిడాక్సిన్ కలిపిన మాత్రను అమెరికాలో 1956 నుంచి బెండెక్టిన్ పేరుతో అమ్మారు. థాలిడోమైడ్ కీర్తి తెచ్చిపెట్టిన మెక్‌బ్రైడ్ ఈ మందుకు వ్యతిరేకంగా కూడా సాక్ష్యం చెప్పాడు. దావాల ఖర్చు భరించలేక కంపెనీ 1983లో అమ్మకం ఆపింది. పుట్టుక లోపాలు తగ్గలేదు. వాంతులతో ఆసుపత్రిలో చేరే గర్భిణులు మాత్రం బాగా పెరిగారు. ఇక మెక్‌బ్రైడ్, వాంతుల మందులకు దగ్గరిదైన హయోసిన్‌పై కుందేళ్ళలో చేసిన ప్రయోగంలో అంకెలు మార్చాడని తేలి, 1993లో వైద్యుల పట్టీ నుంచి పేరు పోగొట్టుకున్నాడు. అదే మిశ్రమానికి అమెరికా 2013లో మళ్ళీ అనుమతి ఇచ్చింది. భారత్‌లో అది ఎప్పుడూ ఆగలేదు, వేవిళ్ళకు మొదట రాసేది ఇప్పటికీ అదే. 2018లో బోట్స్వానా నుంచి ఇలాంటి కథే వచ్చింది. హెచ్ఐవీ మందు డోలుటెగ్రావిర్ గర్భానికి ముందునుంచి వాడిన 426 మందిలో నలుగురి బిడ్డలకు నాడీనాళ లోపం కనబడింది. అనేక దేశాలు యువతులకు ఆ మంచి మందు నిలిపేశాయి. అదే బృందం వేల కాన్పులు లెక్కించేసరికి ఆ తేడా మాయమైంది. నలుగురిని చూసి హెచ్చరించడం తప్పు కాదు, లెక్కించడం ఆపకపోవడమే ఇక్కడ మేలు చేసింది.

అలాంటి లెక్కకు భారత్‌లో ముందు నిలిచింది కేరళ. తిరువనంతపురం శ్రీచిత్ర తిరునాళ్ సంస్థలో నాడీ వైద్యుడు సంజీవ్ థామస్ నాయకత్వంలో 1998లో మొదలైన మూర్ఛ, గర్భ పట్టిక, స్త్రీలను గర్భానికి ముందుగానో తొలి వారాల్లోనో నమోదుచేసుకుని బిడ్డ పెరిగేదాకా వెంబడిస్తుంది. ఒక్కో మందుకు ఏ, బీ, సీ, డీ, ఎక్స్ అని అక్షరం తగిలించే అమెరికా పద్ధతి 1979లో మొదలై 2015లో అక్కడే రద్దయింది. సీ అంటే సగం ముప్పు అని చదువుకునేవారు. చాలా సందర్భాల్లో దాని అర్థం సమాచారం చాలదని మాత్రమే. మన మందుల పుస్తకాల్లో ఆ అక్షరాలు ఇంకా కనబడతాయి. ఇలాంటి పట్టికలిచ్చే అంకెలు వాటికన్నా ఎన్నోరెట్లు పనికొస్తాయి.

కాన్పుతో మందు వ్యవహారం ముగియదు. గర్భంలో ఈస్ట్రోజెన్ పెరిగి లామోట్రిజిన్ రక్తంలో బాగా తగ్గుతుంది కాబట్టి మోతాదు పెంచుతూ పోతారు. కాన్పయిన మొదటి వారాల్లో దాన్ని తిరిగి దించకపోతే అదే మోతాదు తల్లికి తల తిరుగుడు, తూలుడు తెస్తుంది. గర్భంలో అంత చెడ్డదైన వాల్‌ప్రోయేట్ పాలలోకి వచ్చేది కొద్దిగానే, దాన్ని వాడే తల్లి బిడ్డకు పాలివ్వవచ్చు. బైపోలార్ వ్యాధికి ఇచ్చే లిథియం పాలలోకి ఎక్కువగా వస్తుంది, బిడ్డ రక్త పరీక్షలు లేకుండా ఇవ్వరాదు. వార్ఫరిన్‌కు ఆ ఇబ్బంది లేదు. వాల్‌ప్రోయేట్ మీదే మొదటి కాన్పు అయిన తల్లికి మందు మార్చి చూడడానికి అనువైన కాలం ఈ నెలలే. మళ్ళీ నెల తప్పే అవకాశం మొదలయ్యేలోపు కొత్త మందు కుదిరిందో లేదో తెలుస్తుంది.